కింద నిలబడే మనిషి

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. కాసేపు చినుకులు రాలేవి, కాసేపు మబ్బు పక్కకి జరిగి ఎండ వచ్చేది. ఏదీ మనసు పెట్టి చేస్తున్నట్టు లేదు. బస్టాండుకి అందరికంటే ముందు నేను చేరాను. తరవాత బండ వచ్చాడు. వాడికి బాగా ఎడంగా, వేరే పని మీద పోతున్నవాడిలా, పిట్ట వచ్చాడు. ఇద్దరిదీ ఒకటే వీధి.

వాళ్ళిద్దరూ ఎత్తు గోడలకి రంగులు వేస్తారు. పిట్ట తాడుకి వేలాడే పలక మీద కూర్చుని పైన రంగు వేస్తాడు. బండ కింద నిలబడి ఆ తాడు పట్టుకుంటాడు. పేర్లు ఊరు పెట్టింది, మనుషుల్ని చూశాక ఎందుకని ఎవరూ అడగరు. పిట్ట అక్కే బండ పెళ్ళాం. నాది తాపీ పని, ఇద్దరూ నన్ను మేస్త్రీ అంటారు.

పోయిన చలికాలంలో పిండిమిల్లు గోడకి రంగు వేస్తుంటే తాడు జారింది. పిట్ట ఇసక గుట్ట మీద పడ్డాడు. మెడ కింది ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది గానీ బావతో మాట అతుక్కోలేదు. బావమరిదిని పడేసిన బావ అని ఊళ్ళో అందరూ అన్నారు. బండ ఎవరికీ ఎదురు చెప్పలేదు. తాడు కోసుకుపోయిన అరచేతులు మానేదాకా గుడ్డలు చుట్టుకుని తిరిగాడు.

ఇప్పుడు నీళ్ళ ట్యాంకు పని వచ్చింది. సాయంత్రంలోగా మాట చెప్పమన్నాడు కాంట్రాక్టరు, లేకపోతే వేరే జంటకి ఇచ్చేస్తాడు. ఇంకొకడికి తాడు పట్టనని బండ తెగేసి చెప్పాడు. వాడికి ఆ పని తప్ప ఇంకోటి రాదు. పిట్ట ఎక్కుతాడా ఎక్కడా అన్న దాని మీదే రెండిళ్ళూ ఆగి ఉన్నాయి.

బండ పెళ్ళాం మా ఇంటికొచ్చింది. "అన్నయ్యా, ఇద్దర్నీ ఎటైనా తీసుకుపో. ఒకడికి తమ్ముడి గురించీ ఇంకొకడికి బావ గురించీ చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది" అంది. సముద్రం ఒడ్డున పాత కోటా రెండు లైట్‌హౌసులూ ఉన్నాయి, పొద్దున పోతే సాయంత్రానికి వచ్చేయొచ్చు. అన్నేళ్ళు ఎత్తుల మీద బతికినవాడు సరదాగా ఒక ఎత్తు ఎక్కితే మనసు పని మీదికి మళ్ళుతుందని నేను అనుకున్నాను.

బస్సులో నన్ను మధ్యలో కూర్చోబెట్టారు.

"మేస్త్రీ, ఆ కిటికీ మూయమను. చలి కొడుతోంది" అన్నాడు పిట్ట.

కిటికీ పక్కన కూర్చున్నది బండ. "మేస్త్రీ, అంత చలైతే దుప్పటి తెచ్చుకోవాల్సిందని చెప్పు" అన్నాడు. అంటూనే కిటికీ మూశాడు.

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇద్దరికీ చెవులు బాగానే ఉన్నాయి. నాకే నిద్ర చాలలేదు. అంతకుముందు రోజంతా ఇటుకలు మోసి నడుం పట్టేసింది.

కోట అంటే మిగిలింది ఒక గోడ, ఒక గుమ్మం, సముద్రం వైపు మూతి పెట్టిన తుప్పు ఫిరంగి. గోడ రాళ్ళ మధ్య సున్నం ఇంకా పట్టు వదల్లేదు. గోరుతో గీకి చూశాను, రాలలేదు. బండా నేనూ గోడెక్కి కాస్త దూరం నడిచాం. పిట్ట కిందే ఉండిపోయాడు.

"నేను ఫిరంగి చూస్తాను" అన్నాడు.

అంతసేపు చూడ్డానికి అందులో ఏమీ లేదు. అలిగాడనుకున్నాను.

"మేస్త్రీ, అది ఇంకా పేలుతుందేమో కనుక్కో" అన్నాడు బండ పైనుంచి.

"పేలేదైతే ఇందాకే గోడ వైపు తిప్పేవాణ్ణని చెప్పు" అన్నాడు పిట్ట.

బండ నవ్వాడు. పిట్ట కూడా నవ్వబోయి ఫిరంగి వైపు తిరిగాడు.

అక్కణ్ణుంచి ఇసకలో నడక. చెప్పులు చేత్తో పట్టుకున్నాం. పాత లైట్‌హౌస్ సగానికి విరిగిపోయి ఉంది. లోపల మెట్లు లేవు, పావురాలున్నాయి. దాని మొదట్లో పిట్ట చేరగిలబడి కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజు వాడి మొహం తేటగా కనబడింది అక్కడొక్కచోటే. ఎక్కడానికేమీ లేదు గనకేమోనని నాకు అప్పుడు తట్టలేదు.

కొత్త లైట్‌హౌస్ చేరేసరికి పొద్దు వాలింది. తెల్లటి ఒంటి మీద ఎర్ర పట్టీలు. దాన్ని చూడగానే ఇద్దరూ ఆగిపోయారు. వాళ్ళు చూసేది సముద్రాన్ని కాదు, రంగుని.

"రెండో పట్టీ అంచు చూడు మేస్త్రీ, వంకర పోయింది" అన్నాడు బండ.

"కింద తాడు పట్టినవాడు కునుకు తీసుంటాడని చెప్పు" అన్నాడు పిట్ట.

బండ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. అన్నవాడికీ అది రుచించినట్టు లేదు, తల దించుకుని చెప్పుల్లో ఇసక దులుపుకున్నాడు.

"ఎక్కితే ఇప్పుడే ఎక్కండి, మూసే వేళయింది" అన్నాడు కాపలాదారు.

ముందు బండ, వెనక పిట్ట, ఆ వెనక నేను. లోపల చుట్టూరా తిరిగే ఇరుకు మెట్లు. సగానికి నా మోకాళ్ళు మొండికేశాయి. గాలికని పెట్టిన చిన్న కిటికీ దగ్గర కూలబడి, మీరు పొండని అరిచాను. వాళ్ళ అడుగులు పైకి పోయాయి. లోపలంతా బోలు కాబట్టి పైన గోరు గీరుకున్నా నాకు వినపడుతోంది. తలుపు కిర్రుమంది. గాలి చప్పుడు వచ్చింది. తరవాత ఒకరి అడుగులే వినపడ్డాయి.

"మేస్త్రీ కిందుండిపోయాడు. ఇంక నాతోనే చెప్పాలి" అన్నాడు బండ.

పిట్ట గొంతు తలుపు దగ్గరే వినపడింది.

"నేను బయటికి రాలేను బావా."

ఇన్ని నెలల్లో బావా అనడం అదే మొదలు.

"నా మీద నమ్మకం లేదని చెప్పెయ్. ఆ మాట పడతాను."

"నమ్మకం సంగతి కాదు. ఇక్కడ నువ్వు పట్టుకోవడానికి తాడెక్కడుంది? కింద రాతి నేల, చుట్టూ ఇనప చువ్వలు. అయినా నా కాళ్ళు చూడు, ఎలా వణుకుతున్నాయో."

"ఎప్పణ్ణుంచి?"

"మిల్లు గోడకి ముందు నుంచే. ఆ రోజు కళ్ళు తిరిగి గోడని వాటేసుకున్నాను. పలక నా కిందనుంచి జారిపోయింది. గోడ వదిలి తాడు పట్టుకునేసరికి నా బరువంతా ఒక్కసారి తాడు మీద పడింది. ఎవడు పట్టినా జారేదే. నువ్వు వదిలెయ్యలేదు."

గాలి తలుపుని ఒకసారి కొట్టింది.

"మరి అప్పుడే చెప్పలేదేంరా?"

"పిట్టకి ఎత్తంటే భయమని ఏ మొహం పెట్టుకుని చెప్పను? నువ్వు ఎలాగూ ఎవరికీ ఎదురు చెప్పవు గదా అని ఊరుకున్నాను."

బండ అరుస్తాడనుకున్నాను. నేనైతే అరిచేవాణ్ణి. వాడు మెల్లిగా, "డాక్టరుకి చూపించుకున్నావా? మందులేమన్నా ఉంటాయేమో" అన్నాడు.

"చూపించుకున్నాను. ఇంక ఎక్కొద్దన్నాడు."

ఇద్దరూ దిగడం మొదలుపెట్టారు. ఆ దిగడం చూడాలి. పిట్ట మెట్ల మీద కూర్చుని, గోడకి వీపు ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకుని జరుగుతున్నాడు. బండ వాడికంటే కింద, వెనక్కి నడుస్తూ, వాడి చీలమండలు పట్టుకుని ఒక్కొక్క పాదాన్నీ కింది మెట్టు మీద పెడుతున్నాడు.

"కుడికాలు. ఆ, అంతే. ఇప్పుడు ఎడమది. మెట్టుంది, నేనున్నాను. జరుగు."

నేను గోడకి అతుక్కుని దారిచ్చాను. బండ మొహం దగ్గర్నుంచి చూశాను. నీ తప్పు లేదన్న మాట కోసం అన్ని నెలలు ఎదురుచూసిన మనిషి. తప్పు తనదే అయ్యుంటే బాగుండునని ఉంది ఆ మొహంలో. తనదైతే దిద్దుకోవచ్చు, మళ్ళీ తాడు పట్టొచ్చు.

కాపలాదారు నవ్వు ఆపుకుంటూ, "ఏమైంది ఆయనకి?" అన్నాడు.

"కాలు బెణికింది" అన్నాడు బండ.

బస్సు రావడానికి ఇంకా టైముంది. బస్సులు ఆగేచోట రేకుల కప్పుతో చిన్న హోటలు, బయట ఒక బల్ల. పిట్ట బల్ల మీద తల వాల్చేశాడు. బండ ఫోను తీసి కాంట్రాక్టరుకి చేశాడు. దూరం పోలేదు, మా ఎదురుగానే నిలబడి మాట్లాడాడు.

"మాకు కుదరదండీ, వాళ్ళకే ఇచ్చెయ్యండి... లేదండీ, మా బావమరిది ఎక్కడానికి సిద్ధంగానే ఉన్నాడు. నా వల్లే. నా చేతుల్లో మునుపటి పట్టు లేదు... ఆ, నేనే చెప్తున్నాను గదా. ఎవరడిగినా అలాగే చెప్పండి."

పిట్ట తలెత్తాడు. బండ ఫోను జేబులో పెట్టుకుని వాడి పక్కనే కూర్చున్నాడు. పొద్దుణ్ణుంచి మొదటిసారి నేను ఓ చివర ఉన్నాను.

"బావా..." అన్నాడు పిట్ట.

"ముందు తిను" అన్నాడు బండ.

హోటలువాడు రొట్టెలూ ఉడికించిన గుడ్లూ ఉల్లిపాయ ముక్కలూ తెచ్చి పెట్టాడు. రొట్టెలు చల్లారి గట్టిపడ్డాయి, నమిలేసరికి దవడలు నొప్పెట్టాయి. పిట్ట రొట్టె తుంచి చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు, తరవాత నోట్లో పెట్టుకున్నాడు. బండ పళ్ళెం మీదికి వంగి, పెద్ద పెద్ద ముక్కలు తుంచుకుని, పనిలో ఉన్న రోజు తిన్నట్టే తిన్నాడు. ఇంకేమైనా కావాలా అని హోటలువాడు వచ్చి అడిగాడు. నేను నీళ్ళు తెమ్మంటే చెంబు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. మేం తింటూ ఉన్నాం.