ఎవరు దులిపితే వాళ్లకి

ఆయన యూనిఫాం ఉతికే ముందు పెరట్లో దులపాలి. గనిలో ఖనిజం నలగ్గొట్టే చోట పనిచేసే మనిషి బట్టలవి. జేబుల్లో, మడతల్లో బూడిదరంగు దుమ్ము పేరుకుని ఉంటుంది. అలాగే వేస్తే వాషింగ్ మెషిన్ పాడైపోతుందని అత్తగారు మొదట్లోనే చెప్పారు. అందుకని గోడకేసి కొట్టి, విదిలించి, కాసేపు దగ్గి, అప్పుడు మెషిన్‌లో వేస్తాను. గని దగ్గర కంపెనీ లాండ్రీ ఉంది. కానీ అక్కడ ఉతికితే చొక్కా అట్టముక్కలా అవుతుందంటారు ఆయన. నీ చేతి ఉతుకు ఇంకెవరికీ రాదే అంటారు. ఆ మాటకి చాలా ఏళ్లు మురిసిపోయాను. ఇప్పటికీ కొంచెం మురుస్తాను.

ఆ దుమ్ములో రేడియేషన్ ఉంటుందని అందరికీ తెలుసు. అందుకే ఏటా మగవాళ్లకి పరీక్షలు చేస్తారు. ఈ ఏడు ఆ పరీక్షలు చేసే పరిశోధన వాళ్లు ఇళ్లకి కూడా వచ్చారు. మా ఇంటికొచ్చిన అమ్మాయి సోఫా అంచున కూర్చుని, ఎవరెవరు ఏం చేస్తారని అడిగింది. ఆయన తన పని గురించి చాలాసేపు చెప్పారు. నా దగ్గరికొచ్చేసరికి, తనేం చేస్తుంది, ఇంట్లోనే ఉంటుంది అన్నారు. చెడ్డగా అనలేదు. గోడమీద గడియారాన్ని చూపించినట్టు చూపించారు, అంతే. ఆ అమ్మాయి నా వైపు తిరిగింది.

"మరి ఈయన బట్టలు ఎవరు ఉతుకుతారక్కా?"

"ఇంకెవరు, నేనే."

అరచేతంత యంత్రం ఒకటి నా నడుముకి కట్టింది. దాన్నుంచి సన్నటి గొట్టం, గొట్టం చివర నా మెడ దగ్గర చిన్న బిళ్ళ. నేను పీల్చే గాలిలో ఎంత దుమ్ముందో ఆ బిళ్ళ పట్టి ఉంచుతుందట. వారం రోజులు, నిద్రకీ స్నానానికీ తప్ప తీయొద్దంది. నాకది భలే నచ్చింది. గుయ్యిమంటూ వంటింట్లో నాతోపాటు తిరుగుతుంటే తోడున్నట్టుండేది. కడుపులో తుమ్మెద దూరిందా ఏమే అని అత్తగారు ఎగతాళి చేశారు.

వారం తిరిగాక బిళ్ళ తీసుకెళ్లిన అమ్మాయి కొన్నాళ్లకి మళ్లీ వచ్చింది. మిగతా ఇళ్లలో బిళ్ళలు నల్లబడ్డాయట, నాది మాత్రం తెల్లగానే ఉందట. బట్టలు దులిపేటప్పుడు యంత్రం ఎక్కడుందని అడిగింది. తీసి వంటింట్లో పెట్టి, తలుపు కూడా వేశానని చెప్పాను.

"ఎందుకక్కా?"

"ఖరీదైంది కదమ్మా. దుమ్ము పడితే పాడవుతుందని."

ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకూ నవ్వాగలేదు. నవ్వు దగ్గయింది, దగ్గు ఓ పట్టాన ఆగలేదు. ఆ అమ్మాయే లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది. తాగుతూ అనుకున్నాను, వాషింగ్ మెషిన్ పాడవకుండా నేను దులిపాను, ఈ యంత్రం పాడవకుండా తలుపేశాను. దుమ్ము పడినా పాడవనిది ఈ ఇంట్లో నేనొక్కదాన్నేనా? ఎవరో నన్నలా అనుకోవడం కాదు, నేనే అనుకున్నాను కదా. కోపం రాలేదు. చాలాకాలంగా కనపడని వస్తువు చేతికి తగిలినట్టనిపించింది.

బట్టలు లాండ్రీకి ఇచ్చేయడమే మంచిదని ఆ అమ్మాయి చెప్పింది. ఇంట్లో దులపడం మానేస్తే మానేశారనే రాసుకుంటాం, లేదంటే మాస్కు పెట్టుకుని దులుపుతూ ఇంకో వారం ఈ యంత్రం కట్టుకోండి, మీ ఇష్టం అంది. కొత్త బిళ్ళ వేసి యంత్రం నా దగ్గరే వదిలి వెళ్లింది. మీ ఇష్టం అన్న మాట దానికన్నా బరువుగా అనిపించింది.

సాయంత్రం ఆయన అంతా విన్నారు. విని, మాసిన బట్టల సంచి నా ముందు పెట్టారు.

"పరిశోధన మధ్యలో ఆపకూడదే. ఇంకో వారం దులిపెయ్. ఈసారి మాత్రం తియ్యకు."

యంత్రం తెచ్చి ఆయన నడుముకి కట్టాను. బిళ్ళని కాలర్‌కి జాగ్రత్తగా తగిలించాను.

"ఇదేంటే?"

"ఎవరు దులిపితే వాళ్లు కట్టుకోవాలటండీ."

అత్తగారు టీవీ సౌండు తగ్గించారు. ఆయన నడుము దగ్గర అది గుయ్యిమంటూనే ఉంది. సంచి వంక చూశారు, పెరటి తలుపు వంక చూశారు, నా వంక చూశారు. లాండ్రీ ఎన్నింటికి తెరుస్తారో నాకు గుర్తులేదే అన్నారు చివరికి. అడిగి తెలుసుకోండి అన్నాను. సంచి తీసుకెళ్లి తన బూట్ల పక్కన పెట్టుకున్నారు.

నేను పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. గాలి బాగుంది.