ఛాసీ మీద బర్కెట్‌ల గుర్తు

పదిహేనేళ్ళ తర్వాత విల్ఫ్ బర్కెట్ ఎడ్నా రెల్ఫ్ వాకిట్లో అడుగుపెట్టాడు, అదీ ఒక పట్నం మనిషిని వెంటేసుకుని. మంచికి రాలేదని ఎడ్నాకి నడక చూడగానే తెలిసిపోయింది. డెబ్భై మూడేళ్ళు మీదపడ్డా, పోట్లాటకి వచ్చేటప్పుడు విల్ఫ్ కంటే ముందు అతని భుజాలు వస్తాయి.

"ఏం పోగొట్టుకున్నావని మా వాకిట్లో వెతుక్కుంటున్నావ్?" అంది ఎడ్నా, చేతికర్ర మీద వాలి.

"పోగొట్టుకున్నది అదుగో, నీ కొట్టంలోనే ఉంది," అన్నాడు విల్ఫ్, లాండ్ రోవర్ కేసి చెయ్యి చూపించి.

పట్నం మనిషి అప్పటికే బురదలో మోకాళ్ళూని బండి కిందకి టార్చిలైటు కొట్టి చూస్తున్నాడు. పాత బండ్లు కొని దాచుకునే జబ్బు మనిషి. ఆ జనవరిలో ఫ్యాక్టరీ వాళ్ళు పాత రకం బండి ఆఖరిది చేసేశాం, ఇక చెయ్యం అని చెప్పిన దగ్గర్నుంచి, హార్‌డేల్ లోయలోకి ఇలాంటివాళ్ళు దిగడం మొదలైంది. కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న బండ్ల ముందు కూడా టోపీలు తీసి నిలబడుతున్నారు. అరవై ఎనిమిదేళ్ళు ఎరువూ గొర్రెలూ మోసిన బండికి ఇప్పుడొచ్చింది మర్యాద.

"అమ్మా, బండంటే ఛాసీ అండీ, కిందుండే ఉక్కు చట్రం," అన్నాడతను లేచి మోకాళ్ళు దులుపుకుంటూ. "పైనున్నవన్నీ మారతాయి. ఛాసీ మీద కొట్టిన నంబరే బండి పేరు. ఈ నంబరు ఈయన దగ్గరున్న రిజిస్ట్రేషను పుస్తకంలో ఉంది. మీ పుస్తకంలో ఉండదు."

"నంబరొక్కటే కాదు," అన్నాడు విల్ఫ్. "మా నాన్న గుర్తు కూడా ఉంది. నేను కోర్టుకెక్కను ఎడ్నా. నవంబరులో కాపర్ల కూటం ఉందిగా, అక్కడే తేల్చుకుందాం. తప్పిపోయిన గొర్రెని అక్కడే కదా ఇచ్చేది."

"గొర్రెకీ బండికీ తేడా తెలీనివాడివి, నువ్వు బర్కెట్‌ల పేరు నిలబెడతావురా!" అంది ఎడ్నా. అన్నదే గానీ, వాళ్ళు గేటు దాటాక మేత మూట మీద కూలబడింది.

ఆమె భయమంతా సందు గురించి. కొండమీది మేతకి పోయే దారి రెండు రాతిగోడల మధ్య సందు. మూడొందలేళ్ళ కిందట గుర్రాల కోసం కట్టినది. ఆ గోడల మీద చెయ్యి వేస్తే సర్కారు ఊరుకోదు. లాండ్ రోవర్ పుట్టినప్పుడు సన్నంగా పుట్టింది, ఆ సందులో రెండు పక్కలా ఒక్కో చెయ్యి వెడల్పు వదిలి దూరిపోయేది. ఏళ్ళు గడిచేకొద్దీ దానికీ మనుషులకి వచ్చినట్టే పొట్ట వచ్చింది. యాభై ఎనిమిదిలో వచ్చిన రకానికి పక్కలు ఉబ్బాయి. ఆ తర్వాత మెత్తటి స్ప్రింగులు పెట్టి చక్రాలు ఎడంగా జరిపారు. తలుపులకి అద్దాలొచ్చాయి, వేడి గాలి వచ్చింది, కూర్చుంటే నడుం నొప్పి పుట్టని సీట్లు వచ్చాయి. అవి వచ్చిన ప్రతిసారీ కొత్త బండి ఆ సందుకి ఇంకాస్త దూరమైంది. ఇప్పుడు అందులో దూరేది ఎడ్నా పాత బండి ఒక్కటే. ఎడ్నా మధ్యలో నాలుగు చక్రాల మోటారు సైకిలు కొని, దాన్ని సందులోనే తిరగేసి తుంటి విరగ్గొట్టుకుంది. ఇప్పుడు కర్ర లేకుండా పది అడుగులు నడవలేదు.

భూస్వామి గుమాస్తా వేసవిలోనే చెప్పేశాడు. కౌలు మార్చితో అయిపోతుంది, కొండకి వెళ్ళి మందని స్వయంగా చూసుకోగలిగితేనే మళ్ళీ రాస్తాం, లేకపోతే ఖాళీ చెయ్యాలి. బండి ఉంటే ఎడ్నా కొండెక్కుతుంది. లేకపోతే ఇల్లూ పోతుంది, మందా పోతుంది. ఇందులో మూడో దారి లేదు.

అసలు ఆ ఛాసీ అక్కడికి ఎలా వచ్చిందో ఆమెకి బాగా తెలుసు. యుద్ధం అయిపోయి, దేశంలో ఉక్కు దొరక్క, ఒంటికి అల్యూమినియం రేకు తొడిగి, విమానాలకి వెయ్యగా మిగిలిన ఆకుపచ్చ రంగు పూసి మొదటి బండ్లు వదిలిన రోజుల్లో, ఆమె తండ్రి జోసయా, విల్ఫ్ తండ్రి లాంటీ ఒకే వారంలో చెరొకటి తెచ్చుకున్నారు. దాని ఇంజనుకి పట్టీ తగిలించి దుంగలు కోశారు, ఉన్ని కత్తిరించారు, పెళ్ళికూతుళ్ళని చర్చికి మోశారు. రేకు తుప్పు పట్టదు, కింద ఉక్కు మాత్రం పడుతుంది. పధ్నాలుగేళ్ళకి జోసయా బండి ఛాసీ పుచ్చిపోయింది. ఆ చలికాలమే లాంటీ బండి మంచు మీద జారి వాగులో పడి, పైదంతా నుజ్జయిపోయి ఛాసీ ఒక్కటే బాగుంది. "తీసుకోరా జోసయా, వాగు నాకు కవచం తీసుకుని ఎముకలు మిగిల్చింది," అన్నాడట లాంటీ. జోసయా తన ఇంజన్నీ రేకునీ దాని మీద బిగించుకున్నాడు. కాగితం రాసుకోలేదు. స్నేహితులకి కాగితమేంటి? వాళ్ళిద్దరూ కొండ మనుషులు గనక పారకీ గొడ్డలికీ కూడా గొర్రెకి వేసినట్టే ఇంటి గుర్తు వేసుకునేవాళ్ళు. లాంటీ తన ఛాసీ మీద సుత్తితో రెండు గీతలూ ఒక చుక్కా కొట్టుకున్నాడు. జోసయా దాన్ని చెరపలేదు.

కూటానికి ముందురోజు మధ్యాహ్నం ఎడ్నా ఆకురాయి పట్టుకుని బండి కిందకి పాకింది. తుంటి కరకరలాడింది. బురద గోకితే గీతలు తేటగా కనిపించాయి. నాలుగు రుద్దులు రుద్దితే పోతాయి. నంబరుదేముంది, పట్నం మనిషి మాట ఈ లోయలో ఎవడు వింటాడు? గుర్తు ఉంటేనే లెక్క. ఆమె ఆకురాయి ఆనించింది కూడా. చెయ్యి కదలలేదు. ఈ కొండల్లో మనిషిని చంపినవాడితో కలిసి బీరు తాగుతారేమో గానీ, గొర్రె చెవి గుర్తు మార్చినవాడి నీడ తొక్కరు. ఆమె తనని తాను బూతులు తిట్టుకుంటూ బయటికి పాకింది.

గుర్తు దగ్గర ఇంత నిజాయితీ ఉన్న మనిషి ఇంకో చోట ఏం చేసిందో కూడా చెప్పాలి. రెండువేల ఒకటిలో గాలికుంటు రోగం దేశాన్ని ఊపేసిన వసంతంలో, కదలొద్దు, ఎవరి ఇంట్లో వాళ్ళుండండి అన్న రోజుల్లో, కింది లోయలో ఎడ్నా పినతల్లి కొడుకు ఆవు గోతిలో పడింది. ఎడ్నా బండేసుకుని వెళ్ళి తాడుకట్టి లాగింది. తిరిగొచ్చేటప్పుడు రోడ్డుకి అడ్డంగా మందు నీళ్ళలో తడిపిన గడ్డి పరిచి ఉంది, చక్రాలు దానిమీంచి పోవాలి. అక్కడ కాపలావాడు ఎక్కడికెళ్ళావని అడుగుతాడని, ఆమె పక్కకి తిప్పి వాగులోంచి దాటించేసింది. లాండ్ రోవర్ కదా, ఎక్కడినుంచైనా పోతుంది. ఇంటికి దారి బర్కెట్‌ల వాకిట్లోంచి. అక్కడ విల్ఫ్ చూడి గొర్రెలు నిలబడి ఉన్నాయి. నాలుగో రోజున పినతల్లి కొడుకు ఇంట రోగం బయటపడిందని కబురొచ్చింది. పదో రోజున విల్ఫ్ గొర్రెలకి పుళ్ళు. పక్కనున్న పాపానికి లోయలో మందలన్నీ కాల్చి గోతుల్లో వేశారు. రోగం ఎలా వచ్చిందని జనం ఏడుస్తుంటే, ఎడ్నా ఆ నవంబరు కూటంలో అందరి ముందూ నోరు తెరిచింది. "సంతలోంచి దొంగతనంగా గొర్రెల్ని తోలుకొచ్చుంటాడు విల్ఫ్." అంతే. అందరికీ ఒక మొహం కావాలి, దొరికింది.

కూటం రోజున సారాకొట్టు వెనక వాకిట్లో నలభై మంది దాకా కాపర్లు చేరారు. తప్పిపోయి వచ్చిన గొర్రెల్ని గుర్తులు చూసి ఎవరివి వాళ్ళకి అప్పజెప్పడం అయింది. లోపల బంగాళాదుంపలూ వేటమాంసమూ ఉడుకుతున్న వాసన వస్తోంది. అప్పుడు విల్ఫ్ ముందుకొచ్చి, ఎడ్నా తోలుకొచ్చిన బండి రేకు మీద చరిచాడు.

"ఇంకొకటుంది. ఇది మాది."

"దీనికి చెవులెక్కడున్నాయిరా గాటు చూడ్డానికి?" అన్నాడెవడో. వాకిలంతా నవ్వింది.

కూటం పెద్ద ఐజాక్ హారిసన్ నవ్వలేదు. ఎనభై ఆరేళ్ళ మనిషి, ఒళ్ళో గుర్తుల పుస్తకం. "దూరి చూడండ్రా ఒకడు," అన్నాడు. ఒకడు దూరి, "రెండు గీతలు, కింద చుక్క," అని అరిచాడు. ఐజాక్ పుస్తకం తెరవనైనా తెరవలేదు.

"బర్కెట్‌లది. ఏమంటావ్ పిల్లా?" డెబ్భై ఒక్క ఏళ్ళ ఎడ్నా ఆయనకి పిల్లే.

"గుర్తు వాళ్ళదే. లాంటీ మా నాన్నకి ఊరికే ఇచ్చాడు. ఇచ్చినట్టు సాక్ష్యం లేదు, ఇద్దరూ పోయారు."

"తల్లి ఎవరిదైతే పిల్లలూ వాళ్ళవే," అన్నాడు విల్ఫ్. "మన కట్టుబాటు అది. ఛాసీ నాదైతే పైనున్నదీ నాదే."

"ఓరి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నీ ఇనపముక్క ఏ ఇంజన్ని కన్నదో చెప్పు! ఏ గేరుపెట్టెకి పాలిచ్చింది? అన్నీ మా నాన్నా నేనూ కొని బిగించినవి."

మళ్ళీ నవ్వులు. ఐజాక్ కర్రతో నేల మీద కొట్టాడు. "గుర్తున్నది గుర్తున్నవాడిది. విల్ఫ్, ఛాసీ నీది. పిల్లా, మిగతాది విప్పుకుని తీసుకుపో. అయిపోయింది."

ఎడ్నా బండి కేసి చూసింది. విప్పిన ఇంజన్ని ఒళ్ళో పెట్టుకుని కొండెక్కుతుందా? మార్చికి నాలుగు నెలలు. సందు, గుమాస్తా, మంచులో మేత కోసం అరిచే మంద, అన్నీ ఒకేసారి కళ్ళ ముందు తిరిగాయి.

"ఆగండి," అన్నాడు విల్ఫ్. జేబులోంచి పాత రిజిస్ట్రేషను పుస్తకం తీశాడు. "నాకు ఛాసీ అక్కర్లేదు. ఆ పట్నంవాడికి అమ్మే ఉద్దేశమూ లేదు. ఎడ్నా, నువ్వు ఇదే వాకిట్లో నిలబడి నేను రోగం తెచ్చానన్నావ్. ఆ మాట పొరపాటని ఇదే వాకిట్లో చెప్పు. ఈ పుస్తకం నీ చేతిలో పెట్టి, గుర్తు మీద నీ గుర్తు నేనే కొట్టిస్తా. ఒక్క మాట. పొరపాటు, అను చాలు."



ఎంత చవక! పొరపాటు అంటే చాలు, ఇల్లు మిగులుతుంది, మంద మిగులుతుంది, ఎవరూ ఇంకేమీ అడగరు. ఎడ్నా నోరు తెరిచింది. నాలిక మీదికి వచ్చిన ఆ మాట చూసి ఆమెకే అసహ్యం వేసింది. నిన్న ఆకురాయితో చెయ్యలేని పని ఇప్పుడు నోటితో చెయ్యమంటున్నాడు వీడు, తెలియక.

"పొరపాటు కాదు," అంది.

"ఏమే!" విల్ఫ్ భుజాలు లేచాయి.

"అరవకు, విను. పొరపాటు కాదు, అబద్ధం. నువ్వు ఏ గొర్రెల్నీ తేలేదు. నేను కదలొద్దన్న రోజుల్లో మా పినతల్లి కొడుకు ఇంటికి పోయాను. మందు గడ్డి తప్పించి వాగులోంచి వచ్చాను. ఇదిగో, ఈ చక్రాలతోనే నీ వాకిట్లోంచి పోయాను. రోగం తెచ్చింది నేను."

ఎవరో "దేవుడా" అన్నారు. ముందు వరసలో ఉన్నవాడు ఉమ్మేశాడు. వాళ్ళందరి మందలూ ఆ గోతుల్లోనే ఉన్నాయి.

విల్ఫ్ ఆమెకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కొడతాడనుకున్నారంతా. "నీకెప్పట్నుంచి తెలుసు?" అన్నాడు.

"నాలుగో రోజునుంచి."

"మా ఆవిడ మేబెల్ పోయి రెండేళ్ళయింది. తెలుసా?"

"తెలుసు. చర్చికి వచ్చాను. వెనక నిలబడ్డాను."

"రోగానికి ముందు ఆ వారం మేబెల్ అక్క కొడుకు వచ్చాడు. సంతలో పని వాడికి. టీ ఇచ్చింది. వాడి బూట్లకి అంటుకొచ్చిందేమో విల్ఫ్, వాణ్ణి నేనే లోపలికి రమ్మన్నా, అనేది. నేను కాదని ఎంత చెప్పినా వినేది కాదు. అక్కతో మాట్లాడ్డం మానేసింది. ఆస్పత్రి మంచం మీద ఆఖరి రోజున కూడా, నేనే చంపాను కదూ వాటన్నిటినీ, అంది. పదమూడేళ్ళు, ఎడ్నా."

 క్షమించమని అడిగే మొహం ఎడ్నాకి లేదు.

విల్ఫ్ పుస్తకాన్ని బండి సీటు మీదకి విసిరేశాడు. "మాటంటే మాటే. తీసుకుపో. ఎక్కు."

ఆమె కర్ర లోపల పడేసి, రెండు చేతులా పట్టుకుని పైకెక్కింది. మొదటిసారికే స్టార్టయింది. వాకిలి గేటు మూసి ఉంది. గేటు పక్కనే నలుగురు నిలబడి ఉన్నారు, నలుగురూ ఆమె ఇంట్లో అన్నం తిన్నవాళ్ళే. ఒక్కడూ గడియ మీద చెయ్యి వెయ్యలేదు. ఎడ్నా బండి ఆపి, కిందకి దిగి, కుంటుకుంటూ వెళ్ళి గేటు తీసింది. మళ్ళీ ఎక్కి బండి బయటికి పోనిచ్చింది. మళ్ళీ దిగింది. గొర్రెలున్న వాకిలి గేటు తెరిచి వదిలిపోకూడదు గనక, నలభై మందీ చూస్తుండగా వెనక్కి నడిచి వచ్చి, వాళ్ళవైపు చూడకుండా గేటు మూసి గడియ పెట్టింది.