కాగు బోర్లించాక

నాకు ఒక్క ఆదివారం మిగలాలి. ఆ ఏడాది నా కోరిక అంతే.

సెర్బియాలో మా చాచక్ ఊరి చుట్టుపక్కల పెరళ్లలో ప్లమ్ పండ్లతో రకియా అనే సారా కాచేవాళ్ల కోసం నేనూ తిహోమిరూ ఒక సాఫ్ట్‌వేర్ రాశాం. రాగి కాగులో వేడి ఎంతుందో అది ఫోనులో చూపిస్తుంది, హద్దు దాటితే కేక పెడుతుంది. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, కోడు విప్పి దిద్దొచ్చు. దిద్దేది మాత్రం మేమిద్దరమే. తిహోమిర్ నా పెళ్లికి సాక్షిగా నిలబడ్డవాడు, అంటే నాకు కూమ్. తోడబుట్టినవాణ్ణయినా తిట్టొచ్చు గానీ కూమ్‌ని తిట్టకూడదంటారు మావాళ్లు. నేను వారానికోసారి తిడతాను.

గొడవంతా పాత పైథాన్ గురించి, అంటే మేం కోడు రాసే భాషకి పాత వెర్షన్ గురించి. దాన్ని తయారుచేసినవాళ్లే ఏనాడో వదిలేశారు. మేము మాత్రం ఏ చిన్న మార్పు చేసినా రెండుసార్లు రాయాలి, కొత్తదానికోసారి, ఆ ముసలిదానికోసారి. నా ఆదివారాలన్నీ ముసలిదాని సేవకే పోయాయి.

"అదైనా పోవాలి, నేనైనా పోవాలి" అన్నాను వేసవిలో.

"ఎవరో ఒకరు వాడుతుంటారు కూమా. పాత కంప్యూటర్లవాళ్ల మీద నీకంత పగేంటి?"

"ఎవరా ఒకరు? పేరు చెప్పు!"

"నాకేం తెలుసు? అడిగి చూద్దాం."

ప్రాజెక్టు పేజీ నెత్తిన ప్రకటన పెట్టింది తిహోమిరే. పాతది వాడేవాళ్లుంటే చెప్పండి, లేకుంటే సెప్టెంబరులో తీసేస్తాం అని. ఒక్కరూ కిక్కురుమనలేదు. మౌనం అర్ధాంగీకారం కదా! పైగా మా పనిలో అందరిదీ ఒకటే పద్ధతి, ముందు తీసెయ్, అరిచినవాడే వాడుతున్నవాడు. హాయిగా తీసేశాను.

శనివారం పొద్దున్నే ఫోను మోగింది.

"కూమా! కాగు గుడ్డిదైపోయింది!"

"ఎవరి కాగు?"

"నాదే! మా మామగారి కొట్టంలోది. కంప్యూటర్ తనంతట తనే కొత్త వెర్షన్ దింపుకుని చచ్చింది. కాగులో ఏడాది పంట ఉడుకుతోంది!"

"ప్రకటన రాసింది నువ్వే కదరా!"

"రాశాను. ఆ కంప్యూటర్ సంగతే మర్చిపోయాను."

దీపం కింద చీకటి అంటే ఇదే. కారులో వెళ్తున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాను. పెరట్లో అడుగుపెట్టాక నవ్వు ఆగిపోయింది. వేడి ఎంతుందో రుచిని బట్టి పోల్చుకోవడానికి తిహోమిర్ కాగు గొట్టం కింద కూర్చుని ఒక్కో చుక్కా నాలుక మీద వేసుకుంటున్నాడు. కంచె అవతలి నుంచి ముగ్గురు పొరుగువాళ్లు పరుగెత్తుకొచ్చారు. వాళ్ల కాగులూ గుడ్డివైపోయాయి. ఆ కొట్టాల్లో పాత కంప్యూటర్లు పెట్టిచ్చిందీ మావాడే.

"పేజీలో అడిగాం పిన్నీ, ఎవరూ పలకలేదు" అన్నాను వాళ్లలో పెద్దావిడ వుకొసావతో.

"ఏ పేజీ? మాకేం కావాలన్నా తిహోమిర్‌నే అడుగుతాం. వాడేమో నోట్లో బెల్లం ముక్క పెట్టుకు కూర్చున్నాడు."

నాకు సిగ్గేసింది. వీళ్లెవరూ నాకు సరే అనలేదు, అసలు నా మాటే వీళ్లకు చేరలేదు. ప్లమ్ బుట్ట బోర్లించి దాని మీద కూర్చుని, ల్యాప్‌టాప్ తెరిచి ముసలిదాన్ని మళ్లీ లేపాను. ముందు మావాడి కాగుకి చూపొచ్చింది, తర్వాత పక్కింటివాటికీ వచ్చింది. తిహోమిర్ అప్పటికే సగం మత్తులో ఉన్నాడు.

"మరి నా ఆదివారాలు?" అన్నాను. నిజంగానే ఏడుపొచ్చింది.

ఈ ఏటికి పని ముగిసి, గోడవారన కడిగి బోర్లించిన కాగు ఒకటి కనిపించింది.

"పిన్నీ, మీ ఆఖరి కాగు ఎప్పుడు బోర్లిస్తారు?"

"నవంబరులో. ఆ తర్వాత కొట్టం వైపు పిల్లి కూడా పోదు."

"అయితే అప్పుడు తీసేస్తాను. ఈలోపు ఈ కంప్యూటర్లన్నీ మార్చే పూచీ మా కూమ్‌ది."

"అన్నీ నేనేనా?" అన్నాడు తిహోమిర్.

"పాత కంప్యూటర్లవాళ్ల మీద నీకంత పగేంటి?" అన్నాను.

నవంబరులో తీసేశాను. ఈసారి పేజీని నమ్మలేదు, ఇంటింటికీ వెళ్లి చెప్పొచ్చాను. ఎవరూ అరవలేదు. ఆ ఆదివారం ఆలస్యంగా లేచాను, ఏం చేయాలో తోచలేదు. మధ్యాహ్నానికి వుకొసావ పెరట్లో తేలాను. ఆమె ఆ రోజు గుడ్డిదైన కాగులోదే ఓ గ్లాసు పోసిచ్చింది. ఎంత బాగుందో చెప్పలేను.

"కూమా, మొన్న పెట్టిన కొత్త పైథాన్‌ని కూడా ఎప్పుడో వదిలేస్తారట, చదివాను" అన్నాడు నాకంటే ముందే అక్కడ చేరిన తిహోమిర్.

"ఇవాళ ఆదివారం. నోరు మూసుకుని తాగు."