డిటెక్టివ్ అడిగితే కోళ్ళ పెంపకం

కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైన మామగారు స్నానాలగదిలో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నప్పటి నుంచి కోడలికి కొత్త డ్యూటీ పడింది. ఆయనకు రోజూ ఓ డిటెక్టివ్ నవల కావాలి. పుస్తకాల షాపులు తెరిచేసరికి ఆమె ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తూ ఉంటుంది. బయటపడేసరికి అవి మూసేస్తారు. ఇక స్టేషన్ మెట్ల పక్కన పెట్టిన పుస్తకాల మిషనే దిక్కు. ఏ వేళకు వెళ్ళినా అద్దం వెనక పుస్తకాలు వరసగా నిలబడి ఉంటాయి. డబ్బు కట్టి నంబరు నొక్కితే స్ప్రింగు తిరిగి పుస్తకం కింద పడుతుంది.

పడింది. తీరా చూస్తే కోళ్ళ పెంపకం!

"మనింట్లో కోడి ఏదమ్మా?" అన్నారు మామగారు, కట్టు కట్టిన కాలు దిండు మీద సర్దుకుంటూ.

"నన్నడుగుతారేం మామయ్యా? నేను నొక్కింది నవల నంబరే!"

మర్నాడు ఇంకో నవల నంబరు ఒకటికి రెండుసార్లు చూసుకుని నొక్కింది. ఈసారి పసిపిల్లల పేర్ల పుస్తకం. మిషన్ మీదున్న నంబరుకు ఫోన్ చేస్తే, "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అని ఓ తియ్యటి గొంతు పాడిన పాటే పాడింది. ఒళ్ళు మండి అద్దాన్ని అరచేత్తో చరిచింది. చెయ్యి నొప్పెట్టిందే గాని మిషన్ ఉలకలేదు, పలకలేదు.

అప్పుడు కనిపెట్టింది. నొక్కిన నంబరుది కాక, దాని కుడిపక్క స్ప్రింగు తిరుగుతోంది. సరే, దీని రోగం కుదురుస్తానని మూడోరోజు నవలకు ఎడమపక్క నంబరు నొక్కింది.

బట్టతలకు చిట్కాలు పడింది.

మిషన్ పక్కన అద్దం తుడుస్తున్న మెకానిక్ చిరునవ్వు నవ్వాడు. "ఈ పొద్దున్నే బాగుచేశానండీ. ఇప్పుడు ఏ నంబరుకు ఆ పుస్తకమే."

"ఆ ముక్క ముందే చెప్పి చావొచ్చుగా! దీన్ని మార్చండి."

"మార్చడం నా చేతుల్లో లేదండీ. పడింది పడ్డట్టే."

పళ్ళు కొరుక్కుంటూ ఆమె మళ్ళీ డబ్బు కట్టింది. నవల ముందుకు కదిలి, స్ప్రింగు చివర చిక్కుకుని గబ్బిలంలా వేలాడింది. మెకానిక్ నవ్వు మాయమైంది. తాళం తీసి, పుస్తకం లాగి ఆమె చేతిలో పెట్టాడు.

ఆ రాత్రి మామగారు మొదటి పేజీ చూసి పెదవి విరిచారు. "ఇది చదివేశానమ్మాయ్. పేరు మార్చి, అట్ట మార్చి మళ్ళీ వేశారు."

ఆమె కుర్చీలో కూలబడింది. "ఇంత తిప్పలుపడ్డాను, నేనే చదువుతా" అని పుస్తకం లాక్కుంది.

"హంతకుడెవరంటే..."

"నోరు విప్పారంటే రేపు పొద్దున కాఫీ లేదు."

మామగారు బుద్ధిగా నోరు మూసుకున్నారు. ఆమె పేజీలు తిప్పుతోంది. కథ రసపట్టులో పడింది. ఆయన ఇక ఉండబట్టలేకపోయారు.

"ఆ వంటమనిషిని మాత్రం నమ్మకమ్మా."

పుస్తకం నేలకేసి కొట్టిందామె.