ఆఫ్రికా టేకు పొట్టు

"చెయ్యి ఆపకు సక్కుబాయీ! సంతోష్‌నగర్ సారు రేపు పొద్దుగాలనే లారీ పంపుతనన్నడు" అని గుమ్మం దగ్గర్నుంచి కేకేశాడు రామలింగయ్య.

సక్కుబాయి చెయ్యి ఆపలేదు. కంట్లో దుమ్ము పడితే మోచేత్తో తుడుచుకుంది, అంతే. కార్ఖానా యజమాని కళ్లకు అదీ కనబడింది. హుస్సేనీ ఆలం గల్లీలో ఆ రేకుల షెడ్డు మే నెల ఎండకు పెనంలా కాలుతోంది. సక్కుబాయి, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని భోజనాల బల్ల పలకను రేగ్‌మాల్ కాగితంతో నున్నగా రుద్దుతున్నారు. రుద్దినకొద్దీ పసుపురంగు దుమ్ము లేచి, చెమట పట్టిన మెడలకూ చేతులకూ అంటుకుంటోంది. అంటుకున్న చోటల్లా దురద, గోక్కుంటే దద్దుర్లు.

కూతురు అనసూయ కూడా ఆ బల్ల దగ్గరే ఉండాల్సింది. మూడు రోజుల నుంచి ఆ పిల్ల ఇంట్లో వేపమండల మీద పడి ఉంది. మొహమంతా పొక్కి, కనురెప్పలు ఉబ్బి అతుక్కుపోయాయి. ఊపిరి తీస్తే పిల్లికూతలు వినిపిస్తున్నాయి. అమ్మవారు పోసిందన్నారు. అమ్మవారు పోసిన మనిషికి మందు వెయ్యకూడదు, ఆస్పత్రి మొహం చూపించకూడదు, తలమీద నీళ్లు పోసేదాకా గడప దాటించకూడదు. మశూచి దేశం వదిలిపోయిందని సర్కారు చాటించి ఏడాది దాటింది. అమ్మవారు మాత్రం పేదవాళ్ల ఇళ్లు వదలదు కాబోలు!

ఆ మాట మొదట అన్నది రామలింగయ్యే. పిల్ల మొహం చూసీ చూడగానే రెండు చేతులూ జోడించి, "ముత్యాలమ్మ తల్లి మన కార్ఖానకే వచ్చింది. ఫికర్ చెయ్యకు, నేనే బోనం చేయిస్త" అన్నాడు. ఎంత దయ! ఆ బోనం ఖర్చుకు ఆడవాళ్ల కూలిలో తలా ఒక రూపాయి కోశాడు. అత్తసొమ్ము అల్లుడి దానం.

అసలు ఈ కర్ర రాకముందు ఈ కార్ఖానాలో ఎవరికీ దద్దుర్లు లేవు. సంతోష్‌నగర్‌లో కొత్త ఇల్లు కట్టుకున్న శ్రీహరిరావు అనే ఆఫీసరు బల్లలూ బీరువాలూ బర్మా టేకుతో చేయించమన్నాడు. బర్మా టేకు ధర విని వెనక్కి తగ్గాడు గానీ, పైదేశపు కర్ర మీద మోజు తగ్గలేదు. రామలింగయ్య బొంబాయి రేవులో దిగిన ఆఫ్రికా టేకు తెప్పించాడు. ధర సగం. నూనె పూస్తే తేనెరంగు తేలుతుంది, చెదలు పట్టవు. వడ్రంగి మేస్త్రి దుర్గయ్య దాన్ని గోటితో గీరి, వాసన చూసి, "పోగులు అడ్డదిడ్డంగ ఉన్నయి. చిత్రికకు లొంగదు, మస్తు రుద్దాలె" అన్నాడు. రుద్దాల్సింది ఎవరు? రోజుకు మూడున్నర రూపాయల ఆడవాళ్లు. పన్నెండు రూపాయల వడ్రంగులు దురద మొదలవగానే తమ పనిని గల్లీలోకి, గాలిలోకి మార్చుకున్నారు. రేకుల కింద దుమ్ము ఆడవాళ్ల వంతయింది.

ఆ మధ్యాహ్నం రెండు పలకలు తక్కువ పడ్డాయి. బండి తోసే మనిషి రాలేదు. రామలింగయ్య సక్కుబాయి చేతికే తోపుడు బండి ఇచ్చి, దుంగలు కోసే ఆరా మిషన్‌కు పంపాడు.

అక్కడ కోత పనివాడు మహబూబ్ ముక్కూ నోరూ తడిగుడ్డతో కట్టుకుని ఉన్నాడు. మోచేతుల దాకా కొబ్బరినూనె మెరుస్తోంది.

"ఏంది భాయ్, పెండ్లికొడుకు లెక్క గిట్ల నూనె పెట్టుకున్నవు?" అని నవ్వబోయింది సక్కుబాయి.

మహబూబ్ నవ్వలేదు. ఆమె మెడ మీది దద్దుర్ల వంక చూశాడు. "అరే అల్లా! నీకు గూడ పట్టిందా? ఈ ఆఫ్రికా లకిడీ కరుస్తదమ్మా. మాతోని పనిచేసే యూసుఫ్‌కు కండ్లు మూసుకపోయినయి, దమ్ము ఆడలే. ఉస్మానియా దవాఖానల డాక్టర్ చూసి, ఈ పొట్టుతోనే అన్నడు. మందు ఇస్తే తగ్గింది. మేమంత మిషన్ బంద్ పెట్టినం. అప్పుడుగాని మా సేట్ నూనె, సబ్బు, గుడ్డలు ఇయ్యలే."

"నా బిడ్డకు గట్లనే ఉన్నది భాయ్. అమ్మోరు పోసిందని మా సేటు..."

"మీ సేటా? ఆయనకు తెలువదా? ఈ లకిడీ కోతకు మేం ఎక్కువ రేటు అడిగితే ఇదే జాగల లొల్లి చేసిండు. యూసుఫ్‌ను తెచ్చి కండ్లు చూపించిన. చూసి, నోరు మూసుకొని ఇచ్చిండు. పదిహేను దినాలాయె."

సక్కుబాయి చేతిలోంచి బండి జారిపోయింది. ఆయనకు తెలుసు! తెలిసే చేతులు జోడించాడు. నోట్లో వేలు పెడితే కొరకలేనివాడిలా తల్లి పేరు చెప్పాడు. నాలుగు గుడ్డముక్కలు, ఒక సీసా నూనె కొనాల్సి వస్తుందని దేవతను పనిలో పెట్టుకున్నాడు దొంగ. దేవత అయితే మజూరీ అడగదు, మిషన్ బంద్ పెట్టదు.

దానికంటే పెద్ద దెబ్బ ఇంకోటి తగిలింది. కూలితోపాటు ఆడవాళ్లకు తలా ఒక గంప రంపపు పొట్టు ఇవ్వడం ఆ కార్ఖానా ఆనవాయితీ. ఇంట్లో పొట్టు పొయ్యి దాంతోనే మండుతుంది. కిటికీ లేని ఒంటిగదిలో, బిడ్డకు గాలి తగలకూడదని తలుపు మూసి, ఆ ఆఫ్రికా పొట్టునే పొయ్యిలో కూరి ముట్టించింది తను. పొగకు పిల్ల దగ్గుతుంటే "శాంతించు తల్లీ" అని వేపమండతో విసిరింది. తన బిడ్డ ఊపిరిలోకి తన చేత్తోనే విషం విసిరింది.

పలకలు బండి ఎక్కలేదు. సక్కుబాయి ఇంటికి పరుగెత్తింది. పొయ్యిని ఎత్తి మోరీలో బోర్లించింది. అనసూయను లేవదీసి రిక్షా పిలిచేసరికి పక్కింటి శారదమ్మ అడ్డం వచ్చింది.

"నీకు పిచ్చి లేసిందా? అమ్మోరు ఒంటి మీద ఉండంగ గడప దాటిస్తవా? గల్లీ మొత్తానికి తగుల్తది!"

"అమ్మోరు పొయ్యలే శారదక్కా. రామలింగయ్య పోసిండు."

మాట గట్టిగానే వచ్చింది. అయినా, పుట్టినప్పటి నుంచి మొక్కిన తల్లి. నిజంగానే తల్లి అయితే? బిడ్డను చంపుకున్నదాన్నవుతానేమో? గడపకు ఒక కాలు అటూ ఒక కాలు ఇటూ పెట్టి నిలబడిపోయింది. అనసూయ గాలిలో చెయ్యి చాచి వెతుకుతూ, "ఎటు తీసుకపోతున్నవే అమ్మా? నాకేం కనబడ్తలేదు" అంది. సక్కుబాయి గడప దాటింది.

రిక్షా కార్ఖానా ముందు నుంచే పోవాలి. గుమ్మం దగ్గర రామలింగయ్య బోనం కోసం కొత్త కుండకు పసుపు పూయిస్తున్నాడు. రిక్షాను చూసి అడ్డంగా వచ్చాడు.

"పలకలేవి? పిల్లను బయటికెందుకు తెచ్చినవు? తల్లికి కోపమొస్తది!"

"ఆరా మిషన్ కాడికి పోయొచ్చిన సేటూ. మహబూబ్ భాయ్ అంత చెప్పిండు" అంది సక్కుబాయి.

రామలింగయ్య మొహంలో రంగు మారింది. గొంతు తగ్గించాడు. "సరె, దవాఖానకు తీసుకపో. పైసలు నేనిస్త. లొల్లి మాత్రం చెయ్యకు. ఇయ్యాల ఈ బల్ల అయిపోవాలె. మీ తోటోళ్లు ముగ్గురున్నరు గద, వాళ్లు రుద్దుతరు."

ఆ చివరి మాట షెడ్డులోకి వినబడి ఆ ముగ్గురూ తలెత్తి చూశారు. సక్కుబాయి రిక్షా దిగి షెడ్డులోకి పోయింది. బల్ల మీద తను వదిలిన రేగ్‌మాల్ కాగితం తీసుకుని వచ్చి సేటు ముందు చాచింది.

"పట్టు. నా బిడ్డ జాగల నువ్వు రుద్దు. తలుపు మూసుకొని, రేకుల కింద రుద్దు. నీకేం కాకుంటె ఆ బోనం నేనే ఎత్తుకుంట, బిడ్డను మళ్ల ఇంటికి తీసుకపోత."

"నాతోని ఆటలా?" అని నవ్వబోయాడు రామలింగయ్య.

"ఆట కాదు సేటూ. పట్టు."

గల్లీలో దుర్గయ్య చిత్రిక ఆపాడు. ముగ్గురు ఆడవాళ్లూ సేటు చేతుల వంకే చూస్తున్నారు. ఆ చేతులు మెల్లగా లాల్చీ జేబుల్లోకి పోయాయి.

"ఏమైందే అమ్మా? ఎవరూ మాట్లాడ్తలేరేంది?" రిక్షాలోంచి అనసూయ అడిగింది.

ముగ్గురిలో వయసులో చిన్నామె, నోరెత్తి ఎన్నడూ మాట్లాడనిది, తన చేతిలోని కాగితం సేటు కాళ్ల దగ్గర పడేసి వచ్చి, రిక్షాలో అనసూయ పక్కన కూర్చుంది.