తడి చేతుల మీద వేసిన తప్పు

ఏలూరులో ఆ పూట కేబుల్ లైన్‌మన్లందరికీ శిక్షణ పెట్టారు. పదిహేడేళ్ళుగా స్తంభాలెక్కి తీగలు లాగుతున్న నాగదుర్గారావు చివరి వరసలో కూర్చున్నాడు. తనకు తెలియనిదేముందిలే అనుకుంటూనే వచ్చాడు.

తేజస్వి అనే ఇంజనీరమ్మ బల్ల మీద రెండు పెట్టెలు పెట్టింది. స్తంభం మీంచి సన్నటి గాజు తీగలో వచ్చేది వెలుగనీ, దాన్ని మామూలు వైరులోకి మార్చే చిన్న పెట్టెను ఓఎన్‌టీ అంటారనీ చెప్పింది. రెండోది రౌటరు. వచ్చిన ఒక్క కనెక్షన్నూ ఇంట్లో ఫోన్లకీ కంప్యూటర్లకీ పంచిపెట్టేది అదే. దాని వెనక కన్నాలు పోర్టులు. విడిగా ఉన్న నీలం కన్నం వాన్ పోర్టు. బయటినుంచి వచ్చే తీగ అందులోకే రావాలి. వరసగా ఉన్న నాలుగు పసుపు కన్నాలూ లాన్ పోర్టులు. ఇంట్లో మిషన్లకి వెళ్ళేవి.

"వచ్చే తీగను పసుపుదాంట్లో పెట్టినా దీపాలు వెలుగుతాయండి. వైఫై పేరు కూడా కనిపిస్తుంది. నెట్ మాత్రం రాదు," అంది.

నాగదుర్గారావు చెవులు వేడెక్కాయి.

మూడు రోజుల కిందట కొల్లేటికోటలో గంగారత్నం ఇంట్లో రౌటరు పెట్టింది తనే. అన్ని కన్నాలూ ఒకటే అనుకుని, చేతికందిన పసుపుదాంట్లో తీగ గుచ్చాడు. రెండు గంటలు కుస్తీ పట్టినా నెట్ రాలేదు. అంతకు ముందు గంగారత్నం చేపలు కోస్తూ మధ్యలో లేచి వచ్చి, బల్ల తుడవడానికి ఆ పెట్టె ఎత్తి పట్టుకుంది. అది గుర్తొచ్చి, గుమ్మంలో నిలబడి, వీధివాళ్ళంతా చూస్తుండగా, తడి చేతులతో ముట్టుకుంటే కాలిపోక ఏం చేస్తుందన్నాడు. కొత్త పెట్టె తెస్తానని బండెక్కాడు. ఆవిడ కోడలు వెంకటదుర్గకి ఇంటినుంచే చేసుకునే ఉద్యోగం వచ్చింది, మర్నాడే చేరాలి. నెట్ లేక అది ఆగిపోయింది. అత్తాకోడళ్ళకి మాటల్లేవని నిన్న ఎవరో చెబితే, తనకేం పట్టనట్టు తలూపాడు.

భోజనానికి ఆగలేదు. ఎందుకైనా మంచిదని స్టోరులో కొత్త రౌటరు తీసుకుని సంచిలో వేసుకుని, కైకలూరు మీదుగా కొల్లేటికోట చేరాడు.

వెంకటదుర్గ ముభావంగా తలుపు తీసింది. అతను తీగను నీలం కన్నంలోకి మార్చాడు. నిమిషం గడిచాక ఎర్రదీపం పచ్చబడింది. వెంకటదుర్గ ఫోను చూసుకుని, పెట్టె మార్చారా అని అడిగింది. సంచిలో కొత్తది ఉంది. ఊఁ అంటే సరిపోతుంది, ఎవరికీ తెలియదు. అతని చెయ్యి సంచి మీదికి పోయింది కూడా.

బయట అరుగు మీద గంగారత్నం కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. తుడిచినవే మళ్ళీ తుడుస్తోంది.

"ఏవండీ, లోపలికి రావచ్చాండీ? చేతులు ఆరబెట్టుకునే వచ్చానండి," అంది గుమ్మం అవతలనుంచి. మూడు రోజులుగా ఆవిడ తన ఇంట్లో ఆ గదిలో అడుగుపెట్టలేదు.

నాగదుర్గారావు సంచి కింద పెట్టాడు. "కాలిందేం లేదమ్మా. తీగ నేనే తప్పు కన్నంలో పెట్టాను. మీ చేతుల వల్ల కాదు."

వెంకటదుర్గ తల దించుకుంది.

"ఆ రోజు గుమ్మంలో నిలబడి అన్నారు కదండీ," అంది గంగారత్నం, మెత్తగానే. "ఈ మాటా అక్కడే అనండి."

బయటికొచ్చాడు. ఎదురుగా ఆడవాళ్ళు చేపలు ఎండబెడుతున్నారు, పెద్దింటయ్య వల బాగుచేసుకుంటున్నాడు. చెప్పాడు. ఏ కన్నమో ఏమిటో వాళ్ళకి అర్థం కాలేదు. విడమరచి చెప్పక తప్పలేదు: చెరువుకి కాలవనుంచి నీళ్ళు పెట్టే తూము ఒకటుంటుంది, బయటికి వదిలేవి వేరే ఉంటాయి, రౌటరూ అంతే, పెట్టే తూము పేరు వాన్, వదిలే తూముల పేరు లాన్.

"అయితే ఏమయ్యా దుర్గారావూ, వదిలే తూములోంచి నీళ్ళు పెట్టి, చెరువు నిండలేదని రత్నాన్ని తిట్టావన్నమాట," అన్నాడు పెద్దింటయ్య.

అందరూ నవ్వారు. గంగారత్నం నవ్వలేదు. కాలవ అవతలి గట్టు మీదివాళ్ళు ఏమిటేమిటని అడుగుతుంటే, వాళ్ళకి వినపడలేదండీ అంది.

నాగదుర్గారావు తల ఎత్తకుండానే గొంతు పెంచి మళ్ళీ మొదలుపెట్టాడు.