శ్రావణం దాకా ఆగని మినుములు

ఉప్పెనలో నా ఎద్దులు కొట్టుకుపోయాయి. మరుసటి ఏడు అరువెద్దులతో దున్నించాను. ఊళ్ళో మిగిలినవి ఆ రెండు మూడు జతలే కావడంతో, అందరి పొలాలూ అయ్యాకే అవి నా చేలోకి వచ్చాయి. నాట్లు ఆలస్యమై వరి సగం గింజ పట్టక తాలైపోయింది. కోతకు ముందు చేలో చల్లిన మినుములు మాత్రం దేవుడిచ్చినట్టు పండాయి. వాటిని అమ్మి, కాలవకి నీళ్లు వదిలేలోగా ఎద్దులు కొనుక్కోవాలని నా ఆశ.

నా పంట అమ్మకాలు చూసే మా మరిది వీరాంజనేయులు ఒప్పుకోలేదు. బస్తాలు వాళ్ళింట్లోనే ఉన్నాయి. అతను కాదంటే నాగాయలంక వ్యాపారి గడప తొక్కడు. అతను నమ్మింది బందరు రచయిత గోవర్ధనరావుగారి పుస్తకాన్ని. పంట ఎప్పుడు అమ్మాలో, డబ్బు ఎందులో పెట్టాలో ఆయన రాస్తారు. మినుములు శ్రావణం దాకా ఆపినవాడే బాగుపడతాడని అందులో ఉంది.

ఆ పుస్తకం నేనూ చదివాను. వయోజన విద్య బడిలో అక్షరాలు పట్టుబడిన కొత్త. కూడబలుక్కుంటూ చివరి అట్ట దాకా వెళ్లాను. ఎక్కడా ఎద్దుల ఊసు లేదు. ఆ మాటే అంటే మరిది నవ్వాడు.

"పుస్తకం చదవడం వచ్చింది గానీ వదినా, దాని మాట వినడం నీకింకా రాలేదు."

వైశాఖంలో ఆ రచయిత గుడివాడ గ్రంథాలయానికి వస్తున్నారని తెలిసింది. ఆయన నోటితో వింటే మెత్తబడతానని మరిది నన్ను బస్సెక్కించాడు. గోవర్ధనరావుగారు చక్కగా మాట్లాడి, సందేహాలుంటే అడగమన్నారు. మగవాళ్ళు బంగారం గురించీ షేర్ల గురించీ అడిగారు. మరిది చెయ్యి పట్టి లాగుతున్నా నేను లేచాను.

"అయ్యా, శ్రావణంలో ధర వస్తుందన్నారు, నమ్మాను. నాకు ఎద్దులు ఆషాఢానికే కావాలండీ. లేకపోతే ఈ ఏడూ నా చేను వెనకబడుతుంది. అయినా ఆపమంటారా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నేను ధర సంగతే రాశానమ్మా. మీ చేను సంగతి నాకు తెలియదు. అది మీరే చూసుకోవాలి."

తిరిగొచ్చేటప్పుడు, బస్సు అవనిగడ్డ దాటాక, ఆ ముక్కేదో పుస్తకంలోనే రాసి ఉండొచ్చుగా అని మరిది గొణిగాడు. మర్నాడు వ్యాపారిని తనే పిలుచుకొచ్చాడు. ఆ వారంలోనే మచ్చల ఎద్దుల జత నా పాకలోకి వచ్చింది.

శ్రావణంలో మినుముల ధర నిజంగానే పెరిగింది. ఆ కబురు మోసుకుని మరిది పొలం దాకా వచ్చాడు. గట్టు మీద నిలబడి, చూశావా, బాధగా లేదా అని అడిగాడు.

"పెరగనీలే" అన్నాను.

ఇంకేదో అనబోయి, అతను చుట్టూ చూశాడు. అరువెద్దుల వంతు కోసం ఆగిన చేల మధ్య, కనుచూపు మేరలో నాట్లు పూర్తయిన చేను నాదొక్కటే.